ఊరు కట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఊరిని ఒక రోజంతా మూసేశారు. ఖాజాగూడ పక్కన, ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలున్న చోట, అప్పుడు బండరాళ్ళూ జొన్నచేలూ ఉండేవి. ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఉద్యమం లేచిన రోజులవి. బళ్ళు మూతపడ్డాయి గనుక పిల్లలకు రోజూ పండగే. దానికి తోడు నిజం పండగే వచ్చింది. ఊరి నడుమ బొడ్రాయి నిలుపుతున్నారు.

బొడ్రాయి అంటే ఊరిని కాచే రాయి. దాన్ని నిలిపే రోజు పొలిమేర చుట్టూ పసుపు బియ్యం చల్లి ఊరు కడతారు. మర్నాడు తెల్లారేదాకా ఎవరూ బయటికి పోకూడదు, లోపలికి రాకూడదు. బియ్యం చల్లినవాళ్ళలో మా తాతయ్యే ముందున్నాడు.

మధ్యాహ్నం పొరుగూరి పాలాయన సైకిలు మీద వచ్చి, బియ్యం గీత అవతలే ఆగి, పక్కింటి చాచీని కేకేశాడు. ఊళ్ళో ఉన్న కొద్దిపాటి ముస్లిం ఇళ్ళలో ఆమెది ఒకటి. ఒక్కడే కొడుకు, పట్నంలో చదువుకుంటున్నాడు. ఉద్యమ ఊరేగింపులో తలకు దెబ్బ తగిలి దవాఖానాలో ఉన్నాడట, అమ్మ కావాలంటున్నాడట.

చాచీ చెప్పుల్లేకుండా పరుగెత్తింది. పొలిమేర దగ్గర మావాళ్ళే అడ్డం నిలబడ్డారు. తెల్లారేదాకా ఆగమన్నారు, ఊరికి అరిష్టమన్నారు. చెడ్డవాళ్ళేం కారు, రంజానుకు ఆమె చేతి సేమ్యా తిన్నవాళ్ళే. "నేను మొక్కలే, నేను కట్టలే. నన్నెందుకు ఆపుతుండ్రు?" అని ఆమె ఏడ్చింది.

తాతయ్య అందరినీ బతిమాలాడు. మొక్కు మనదైతే ఆమెనెందుకు కట్టేస్తారని అడిగాడు. ఎన్నడూ ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఆ రోజు మాత్రం, "నువ్వే గదా కట్టినవ్" అన్నారు.

చివరికి తాతయ్య చాచీని గీత దాకా నడిపించుకుపోయాడు. "మనిషి పోవద్దన్నరు గాని మాట పోవద్దనలే. కొడుక్కు ఏం చెప్తవో చెప్పు" అన్నాడు. ఆయన చేతనైంది అంతే.

"అమ్మ వస్తున్నదని చెప్పు బిడ్డా. జర ఆగమను" అంది చాచీ. పాలాయన సైకిలు తిప్పుకొని పోయాడు. పిల్లలం అలా చూస్తూ నిలబడ్డాం.

తెల్లారి కట్టు విప్పగానే తాతయ్య బండి కట్టి ఆమెను తీసుకుపోయాడు. అప్పటికే అంతా అయిపోయింది. పాలాయన దవాఖానా మెట్ల మీదే కూర్చుని ఉన్నాడట. "చెప్పిన చాచీ. ఆఖరుదాక తలుపు దిక్కే చూసిండు" అన్నాడట. ఈ ముక్క ఇంటికొచ్చి చెబుతూ తాతయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ తర్వాత ఏ పండగకూ ఆయన బియ్యం చేత పట్టలేదు.

ఇప్పుడు అదే నేల మీద లేచిన అపార్టుమెంటులో ఉంటున్నాను. నిరుడు నవరాత్రులకు ఏ ఫ్లాటులోనూ మాంసం వండకూడదని కమిటీవాళ్ళు తీర్మానించారు. మా ఇంట్లో ఎలాగూ వండం, ఎదురింటివాళ్ళ పొయ్యి సంగతి మనకెందుకని అడిగాను. పెద్దావిడ ఏదో అంటోందిలే అని నవ్వి ఊరుకున్నారు. తాతయ్య మాటే నెగ్గలేదు, నాదేం నెగ్గుతుంది? అయినా అడక్కుండా ఉండలేను. ఒకరి మొక్కు ఊరందరి మీదా వేసినప్పుడల్లా, నేనెన్నడూ చూడని ఆ దవాఖానా తలుపు కళ్ళ ముందుకొస్తుంది. దానివైపే చూస్తూ ఆ పిల్లవాడు ఇంకా ఆగి ఉన్నట్టే ఉంటుంది.