మళ్ళీ మామ విప్పని ముడి

మళ్ళీ మామ తన జన్మలో ఇంకొకరు వేసిన ముడిని ఉన్నదున్నట్టు వదిలేసిన పాపాన పోలేదు. ముడి కంటపడితే చాలు, కాళ్ళు వాటంతటవే అటు తిరిగేవి. వంగేవాడు, విప్పేవాడు, "మళ్ళీ" అనేవాడు, కట్టేవాడు. ఆ మాట కసిరినట్టు ఉండేది కాదు. నిద్రపోతున్న పాపకి జారిన దుప్పటి సర్దుతూ తనలో తను అనుకున్నట్టు ఉండేది. అలా అని అని ఆయన అసలు పేరు అరిగిపోయింది. ఓడ రిజిస్టరులో ఏమని రాసి ఉందో గానీ, డెక్కు మీద పిన్నా పెద్దా అందరికీ ఆయన మళ్ళీ మామే.

ఓడ అంటే పొగగొట్టం ఓడ కాదు. మూడు స్తంభాలు, పద్దెనిమిది తెరచాపలు, రెండు వందల పైచిలుకు తాళ్ళు ఉన్న పాతకాలపు ఓడ. గాలిని బతిమాలుకుని తనకు కావలసిన చోటికి పోయేది. గాలి ఆగిన పూట కూడా దాని కొయ్యకీ తాడుకీ మధ్య ఏదో మాట నడుస్తూనే ఉండేది. ఆ తాళ్ళకీ, వాటిని పట్టుకుని పైకెక్కే మనుషులకీ పెద్ద మళ్ళీ మామ. ఆ ఉద్యోగాన్ని సరంగు అంటారు. రెండు వందల తాళ్ళంటే తక్కువలో తక్కువ నాలుగు వందల ముడులు. చీమని పిలిచి పంచదార డబ్బాలో ఉద్యోగం ఇచ్చినట్టయింది.

ఆ ఓడలోకి సీజను మొదట్లో ఒకావిడ పని నేర్చుకోవడానికి వచ్చింది. ముప్పై రెండేళ్ళు. పన్నెండేళ్ళు కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసింది. అక్కడ ఒకరోజు మిషను ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్ళ మీదుగా పోయింది. వేళ్ళు మిగిలాయి గానీ వంగడం మానేశాయి. ఫ్యాక్టరీ కిటికీలోంచి రేవులో ఈ ఓడ స్తంభాల కొసలు కనిపించేవి. పన్నెండేళ్ళు వాటిని చూస్తూ కాలర్లు కుట్టింది. చివరికి కాలర్లు వదిలేసి కొసల కోసం వచ్చేసింది. ఓడలో అందరూ ఆమెని దర్జీ అన్నారు.

మొదటి రోజే కెప్టెన్‌తో చెప్పేసింది.

"ఒక్క మాట సార్. ఈ చెయ్యి చూసి జాలిపడి నాకెవరూ విడిగా నేర్పక్కర్లేదు. అందరికీ ఎలా చెబితే నాకూ అలాగే."

"అలాగేనమ్మా. సీజను చివర రేవు నుంచి పరీక్షాధికారి వస్తాడు. స్తంభం ఎక్కి, అక్కడ ముడి వేసి చూపించాలి. పాసైతే డెక్కు మీద ఉద్యోగం. లేకపోతే..."

"లేకపోతే?"

"వంటగదిలో ఒక ఖాళీ ఉంది."

ఆ సమయంలో మళ్ళీ మామ కెప్టెన్ కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన బూటు లేసు విప్పుతున్నాడు. ఈ మాటలు విన్నాడో లేదో తెలియదు. తలెత్తలేదు. "మళ్ళీ" అన్నాడంతే.

మామ చరిత్రంతా దర్జీకి చెప్పింది వంటాయన. వంటాయన చెల్లెలే మామ భార్య. అందుకని ఆయనకి మామ బావ అవుతాడు. బావ మీద నేరాలు చెప్పడంలో ఆయనకి అలుపుండదు. కూర తిప్పుతూ చెప్పేవాడు, గిన్నెలు తోముతూ చెప్పేవాడు.

"మా చెల్లి బట్టలారేసే తాడు కట్టుకుంటే విప్పాడు. సరే, సొంత ఇల్లు. పక్కింటివాళ్ళ తాడు కూడా విప్పాడమ్మా. అప్పుడు దాని మీద బట్టలున్నాయి."

"వాళ్ళు ఊరుకున్నారా?"

"ఎందుకూరుకుంటారు? వారం రోజులు మాటల్లేవు. తర్వాత గాలివాన వచ్చింది. వీధిలో అందరి బట్టలూ పక్క వీధికి వెళ్ళిపోయాయి, ఆ రెండిళ్ళవి తప్ప. ఇప్పుడు వీధంతా వచ్చి, మా తాడు కూడా కాస్త విప్పి పెడుదురూ అంటున్నారు."

ఆస్పత్రి సంగతి కూడా చెప్పాడు. మామ మోకాలికి దెబ్బ తగిలితే నర్సు కట్టు కట్టి వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి మామ తన కట్టే కాదు, పక్క మంచం ఆయన కట్టూ, ఆ పక్కాయన కట్టూ విప్పి మళ్ళీ కట్టి, నాలుగో మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. నర్సు డాక్టరుని పిలుచుకొచ్చింది. డాక్టరు అన్నీ చూసి, "ఈయన్ని ఇంకో రెండు రోజులు ఉంచండి" అన్నాడు.

"జబ్బు ముదిరిందనా?"

"కాదమ్మా. పై అంతస్తులో ఇంకా ముప్పై మంది ఉన్నారట."

అన్నిటికన్నా పెద్దది రిబ్బను కథ. మరమ్మతులు పూర్తయ్యి ఓడ తిరిగి నీళ్ళలోకి దిగిన రోజు ఒక పెద్దమనిషిని పిలిచారు. ఆఫీసు గుమాస్తా మెట్లకి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు. పెద్దమనిషి కత్తెర పట్టుకుని వచ్చేసరికి రిబ్బను లేదు. దాని కొస పట్టుకుని మామ మోకాళ్ళ మీద ఉన్నాడు.

"ఒక్క నిమిషం సార్. మళ్ళీ."

కట్టాడు. ఎంత బిగువుగా కట్టాడంటే, అద్దె కత్తెర రెండుసార్లు జారి మూడోసారి వంగిపోయింది. పెద్దమనిషి చెమట తుడుచుకుని, "పోనీ విప్పండి" అన్నాడు.

"విప్పడానికి కట్టలేదు సార్" అన్నాడు మామ.

ఆయన రిబ్బను కిందనుంచి వంగి ఓడలోకి వచ్చాడు. ఫొటోలో ఆయన వీపు మాత్రమే పడింది.

దర్జీ ఇవన్నీ విని కడుపుబ్బ నవ్వేది. కానీ డెక్కు మీదికి వెళ్ళేసరికి నవ్వు ఎండిపోయేది. అక్కడ విప్పేవి ఆమె ముడులు. పొద్దున్న ఐదు, మధ్యాహ్నం ఐదు. అందరివీ విప్పేవాడు, నిజమే. అందరివీ విప్పి, వాళ్ళని పంపేసి కట్టుకునేవాడు. ఆమెది మాత్రం ఆమెని ఎదురుగా నిలబెట్టి, ఆవలింత వచ్చేంత నిదానంగా కట్టేవాడు.

ఆ నిదానానికి కారణం ఉంది. ఆమె వచ్చిన మూడో రోజు నుంచి మామ కుడిచేతి చివరి రెండు వేళ్ళకి కట్టు. పాత తెరచాప గుడ్డ పీలిక ఒకటి తెచ్చి, రెండు వేళ్ళూ కర్రల్లా నిలిచేట్టు చుట్టేసుకున్నాడు. ఏమైందని అడిగితే తలుపు సందులో పడ్డాయని కెప్టెన్‌తో చెప్పాడు. వంటాయనతో పీత కరిచిందన్నాడు. డెక్కు మీద కుర్రవాళ్ళు అడిగితే, "ఇది చిన్నప్పటి నుంచీ ఉందిరా, మీరు చూసుకోలేదు" అన్నాడు. రేవు నుంచి ఫోను చేసిన భార్యతో మాత్రం, "కట్టా? ఏ కట్టు?" అన్నాడు.

"బావా, పీతలు వంటగదిలో ఉంటాయి. నాకు తెలియకుండా నిన్నెప్పుడు కరిచింది?" అని వంటాయన నిలదీశాడు.

"దానికి నీ వంట నచ్చలేదురా. కోపం నా మీద చూపించింది."

కట్టు ఊడలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. చిటికెలో పడే ముడి టీ చల్లారేంత సేపు పట్టేది. మామకి వయసు మీద పడిందని కుర్రవాళ్ళు గుసగుసలాడారు. కెప్టెన్ ఒకసారి పక్కకి పిలిచాడు.

"మామా, చెయ్యి ఇలాగే ఉంటే వచ్చే సీజనుకి మిమ్మల్ని ఒడ్డునే ఉంచమంటారు ఆఫీసువాళ్ళు. నేను ఎంతకని సర్దిచెప్పను?"

"సీజను చివర చూద్దాం బాబూ" అంటూ మామ ఆయన విజిలుకి ఉన్న తాడు విప్పాడు.

వంటాయనకి మాత్రం ఒక వింత కనిపించింది. "చూశావా దర్జీ, నాలుగు వందల ముడులు విప్పుతాడు. తన వేళ్ళ మీది ముడి మాత్రం ముట్టుకోడు. నిజానికి ఈ ఓడలో అంత చెత్త ముడి ఇంకోటి లేదు."

దర్జీకి వింతలు చూసే ఓపిక లేదు. పరీక్షలో వేయాల్సింది నడుము ముడి. నడుం చుట్టూ తాడు తిప్పి వేస్తారు కాబట్టి ఆ పేరు. పైన గాలిలో గట్టి చెయ్యి స్తంభాన్ని పట్టుకోవాలి. అంటే ముడి వేయాల్సింది ఆ పాడు చెయ్యే. ఒక్క చేత్తో. ఎన్నిసార్లు వేసినా తాడు మెలికలోంచి వంగని వేళ్ళు అడ్డంగా పొడుచుకొచ్చేవి. ఒకరోజు ఆమె ఓపిక తెగిపోయింది.

"సరంగు గారూ, నా ముడిలో తప్పేంటో నోటితో చెప్పొచ్చుగా?"

"చెబితే చెవికి వెళ్తుందమ్మాయ్. ముడి కావలసింది చేతికి."

"మీ చేతికే దిక్కులేదు."

అన్న తర్వాత నాలిక కరుచుకుంది. మామ తన కట్టు వంక చూసుకున్నాడు. ఏదో మెచ్చుకోలు విన్నవాడిలా తలూపాడు. ఆమె ముడి విప్పి, "మళ్ళీ" అన్నాడు.

పరీక్ష రోజు పొద్దున్న రేవులో నీళ్ళు తడి అద్దంలా ఉన్నాయి. పరీక్షాధికారి తోలు సంచీతో, చేతి గడియారంతో వచ్చాడు. ఓడ ఊగితే దొర్లిపోతుందని సంచీని స్తంభం మొదట్లో తాడుతో తనే కట్టుకున్నాడు. కుర్రవాళ్ళు ఒక్కొక్కరూ ఎక్కి దిగారు. చివరికి దర్జీ వంతు వచ్చింది.

"రెండే అవకాశాలు. ఒక్కోదానికి ఒక నిమిషం" అన్నాడాయన.

ఆమె తాళ్ళ నిచ్చెన ఎక్కి మొదటి అడ్డకొయ్య మీద నిలబడింది. ఎడమ చేత్తో స్తంభాన్ని వాటేసుకుంది. అంత ఎత్తు నుంచి రేవు అవతల ఫ్యాక్టరీ కిటికీలు వరుసగా మెరిశాయి. వాటిలో ఒకదాని వెనక తన పాత కుర్చీ ఉంటుంది. ఎవరో ఇప్పుడు ఈ స్తంభాన్ని చూస్తూ ఉండొచ్చు. ఆ తలపుతోనే తాడు నడుం చుట్టూ తిప్పి, పుస్తకంలో ఉన్నట్టు మణికట్టు మెలిపెట్టింది. రెండు వేళ్ళూ అడ్డం తగిలాయి. తాడు చేతిలోంచి జారి గాలిలో వేలాడింది.

"ఒకటి అయిపోయింది" కింద నుంచి గొంతు.

ఆమె కిందికి చూసింది. వంటగది తలుపు కనిపించింది. దాని ముందు వంటాయన చేతులు కట్టుకుని, దేవుడికేదో విన్నవించుకుంటున్నట్టు నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన మళ్ళీ మామ లేడు. మామ సరిగ్గా ఆమె కాళ్ళ కింద, స్తంభం మొదట్లో ఉన్నాడు. పరీక్షాధికారి సంచీ తాడు విప్పుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాడు పరీక్షాధికారి.

"మళ్ళీ" అన్నాడు మామ.

ఎడమ చేత్తో స్తంభాన్ని వాటేసుకున్నాడు.

"ఆయనకి కళ్ళు తిరుగుతున్నాయా?" పరీక్షాధికారి కంగారుపడ్డాడు.

"లేదు సార్. ఆయనకి ముడి కనపడింది. దానికి మందు లేదు" అన్నాడు కెప్టెన్.

సీజనంతా దర్జీ ఆ చేతిని ఎదురుగా నిలబడి చూసింది. అద్దంలో చూసినట్టు, తిరగేసి. ఈ రోజే పైనుంచి చూసింది. పైనుంచి చూస్తే అది మామ చెయ్యిలా లేదు. స్తంభాన్ని చుట్టుకున్న ఎడమ చెయ్యి, మూడు కదిలే వేళ్ళు, రెండు కదలని వేళ్ళు. అచ్చం తన చెయ్యే, కింద ఎవరో మరచిపోయి వెళ్ళినట్టు. ఆ కదలని రెండు వేళ్ళూ అడ్డం రావడం లేదు. ముందు అవే వెళ్తున్నాయి. గోడకి కొట్టిన మేకుల్లా నిలబడి మెలికని మోస్తున్నాయి. మిగతా మూడూ తీరిగ్గా కొసని వెనకనుంచి తిప్పి లాగేస్తున్నాయి.

ఆమెకి ఏదీ కొత్తగా అనిపించలేదు. రోజుకి పదిసార్లు, ఆవలిస్తూ, తిట్టుకుంటూ చూసిందే. చెవికి తెలియకపోయినా చేతికి తెలుసు. తాడు తీసుకుంది. వంగని వేళ్ళని ముందుకి పంపింది. "మళ్ళీ" అనుకుంది.

"పంతొమ్మిది సెకన్లు" అన్నాడు పరీక్షాధికారి. గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందా అని కూడా చూసుకున్నాడు. సంతకం పెట్టి వెళ్ళబోతే సంచీ రాలేదు. కాసేపు లాగి చూసి, కాయితాలు మాత్రం తీసుకుని సంచీ రేపు పంపమన్నాడు.

దర్జీ కిందికి దిగి నేరుగా మామ ముందు నిలబడింది.

"చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె కట్టు విప్పింది. ఓడలోకెల్లా చెత్త ముడి అది. అరక్షణంలో ఊడిపోయింది. లోపల రెండు వేళ్ళూ తెల్లగా, మెత్తగా, సీజనంతా ఎండ తగలని పసివేళ్ళలా ఉన్నాయి. మామ వాటిని వంచి చాచి చూసుకున్నాడు.

"పీత కరిచిందన్నావు" అన్నాడు వంటాయన.

"మానింది."

"ఇవాళే మానిందా?"

"ఇవాళే."

కెప్టెన్ ఆ వేళ్ళ వంక, తర్వాత దర్జీ వేళ్ళ వంక చూశాడు. మామ చెయ్యి గురించి ఆఫీసుకి రాయబోయిన ఉత్తరం గుర్తొచ్చిందేమో, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"విడిగా నేర్పొద్దని మొదటి రోజే చెప్పాను" అంది దర్జీ. గొంతు గట్టిగానే పెట్టాలనుకుంది.

"నేనెక్కడ నేర్పాను? నా సంచీ, నా ముడి..."

"మీ సంచీ కాదు మామా, ఆయన సంచీ."

సరంగు గారూ అనకుండా మామా అంది. ఆయన దాన్ని విప్పలేదు, సరిచేయలేదు. ఉన్నదున్నట్టు ఉంచుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఓడ బయల్దేరాలి. దర్జీ ఇప్పుడు డెక్కు మనిషి. తెరచాప లాగే మోకు ఒకటి కట్టి పక్కకి జరిగింది. మామ వచ్చాడు. వంగాడు, విప్పాడు, "మళ్ళీ" అన్నాడు. పది వేళ్ళతో, రెప్పపాటులో కట్టేసి వెళ్ళాడు. నాలుగడుగులు వేశాక వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే దర్జీ వంగి ఆయన ముడి విప్పుతోంది.

"అదేంటి? ఏం తప్పుంది?"

"తప్పేం లేదు మామా. మళ్ళీ."

ఆయన ఆమె కట్టేదాకా ఆగాడు. దగ్గరికొచ్చి చూశాడు. కళ్ళు చిన్నవి చేసి చూశాడు. వెళ్ళిపోబోయాడు. నిజంగానే వెళ్ళిపోబోయాడు. అడ్డకొయ్యల మీద కుర్రవాళ్ళు ఊపిరి బిగబట్టారు. అంతలో కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

ఆ రోజు గాలి బాగానే ఉంది. ఓడ మాత్రం ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది.