పెరుగుబండి మల్‌సున్ పాట పరీక్ష

బుచన్ ఊళ్లో పెద్ద వాద్యమందిరం వెనకవైపు తలుపు దగ్గర పదకొండేళ్లుగా ఒక పెరుగుబండి నిలబడుతోంది. ఆ బండి మనిషి పేరు పంగ్ మల్‌సున్. పొద్దున్నే వీధివీధీ తిరిగి, గుమ్మాలకు తగిలించిన సంచుల్లో తాగే పెరుగు సీసాలు వేసి, పదింటికల్లా ఇక్కడికి చేరుతుంది. వాద్యాలవాళ్లు లోపలికి వెళ్లేది ఆ తలుపులోంచే. వయొలిన్లవాళ్లు ఒక్కో సీసా తాగుతారు, బాకాలవాళ్లు రెండేసి తాగుతారు. ఊదేవాళ్లకు ఆకలెక్కువని ఆమె సిద్ధాంతం. వేసవిలో దెయ్యాల సినిమాల పండగ జరిగినన్నాళ్లూ మొహాలకు నెత్తురురంగు పూసుకున్న కుర్రకారు వచ్చి, "అమ్మా, కడుపులో మంటగా ఉంది" అంటారు. "దెయ్యమైనా సరే, వేళకి తినకపోతే అంతే నాయనా" అని మూత తీసి చేతికిస్తుంది.

మల్‌సున్ గొంతు ఊరందరికీ తెలుసు. ఆరు వరసల రోడ్డుకి అవతల నడిచిపోతున్న ముసలావిణ్ణి "మోకాలెలా ఉందీ?" అని ఇక్కణ్ణుంచే పలకరించగలదు. అంత గొంతున్న మనిషి పాట మాత్రం పాడదు. చుట్టాలూ స్నేహితులూ కలిసి, గంటకింతని అద్దెకిచ్చే పాటల గదికి వెళ్తే మైకు ఆమె చేతికి రాకముందే గలగలలాడే తంబురీను లాక్కుని వాయించడం మొదలుపెడుతుంది. తంబురీను వాయించేవాళ్లను పాడమని ఎవరూ అడగరు.

దానికో కారణం ఉంది. మూడో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి పిల్లలందరినీ వరసలో నిలబెట్టి పాడించారు. టీచరమ్మ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చెవి ఒగ్గి నడిచివచ్చి మల్‌సున్ దగ్గర ఆగింది. "నువ్వు ఊరికే నోరు కదుపు చాలు. గొంతు తియ్యకు" అంది. మల్‌సున్ పెద్దల మాట వినే పిల్ల. యాభై ఏళ్లు విన్నది.

ఆ శరదృతువులో ఒకరోజు, ఆమె ఉండే నాలుగంతస్తుల ఇంటికి కింద బ్యూటీ పార్లరు నడిపే ఓక్‌బున్ దువ్వెన చేత పట్టుకునే బండి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నీ పేరు ఇచ్చేశాను!"

"దేనికే?"

"ఏడాది చివరి కచేరీకి. ఊళ్లోవాళ్లు వందమంది కావాలంట, ఈ వాద్యాలవాళ్లతో కలిసి పాడటానికి. వచ్చే నెల్లో పరీక్ష పెట్టి ఏరుకుంటారంట."

"నీకేమైనా మతి పోయిందా? నేను పాడటమేంటి!"

"పదకొండేళ్లు తలుపు బయట నిలబడి విన్నావు, ఒక్కసారి లోపల నిలబడితే ఏం పోయింది? మహా అయితే వద్దంటారు."

మహా అయితే వద్దంటారు. మల్‌సున్ భయమంతా దానికే. ఒకసారి వద్దంటే కోలుకోవడానికి యాభై ఏళ్లు చాల్లేదు. అరవై దగ్గర పడ్డాక మళ్లీ వద్దంటే ఇక ఈ జన్మకి నోరు పెగలదని ఆమెకు గట్టిగా తెలుసు. అయినా పేరు కొట్టేయించలేదు. ఎందుకు కొట్టేయించలేదంటే, ఆ తలుపు సందులోంచి వచ్చే పాటంటే ఆమెకు ప్రాణం. అంతే.

పేరైతే ఇచ్చారు గానీ సాధన ఎక్కడ చెయ్యాలి? బుచన్‌లో పక్కింట్లో తాలింపు వేస్తే ఈ ఇంట్లో తుమ్మాలి. మల్‌సున్ వంటింట్లో నిలబడి ఒక్క రాగం తీసేసరికి కింది అంతస్తులో చంటిది లేచింది, పైన ముసలాయన కర్రతో నేలమీద కొట్టాడు, ఎదురింటి కిటికీలోంచి ఎవరో "టీవీ తగ్గించండమ్మా" అన్నారు.

"టీవీ అన్నారు, నయమే. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అనలేదు" అన్నాడు మొగుడు గిబోంగ్, సోఫాలోంచి లేవకుండానే. ముప్పై ఏళ్లు ఆ వాడల్లో బస్సు నడిపి పోయినేడు దిగిపోయాడు. దిగినప్పట్నుంచీ ఆయన స్టాపు ఆ సోఫాయే.

చివరికి మార్కెట్టు కింద, నేలమాళిగలో ఉన్న పార్కింగుకు వెళ్లి, తమ పాత కారులో కూచుని అద్దాలెత్తి పాడదామనుకుంది. వెళ్తే అక్కడ తనకంటే ముందే మూడు కార్లవాళ్లున్నారు. ఒక కారులో ఒక నడివయసు మనిషి బాకా ఊదుతున్నాడు. ఇంకో దాంట్లో ఒకాయన కూతురి పెళ్లిలో చెయ్యబోయే ప్రసంగం తనకు తనే చెప్పుకుంటూ కళ్లు తుడుచుకుంటున్నాడు. మూడో దాంట్లో ఇద్దరు నాటకమాడుతున్నారో నిజంగానే పోట్లాడుకుంటున్నారో అర్థం కాలేదు. ఈ ఊళ్లో కళకు కరువు లేదు, జాగాకే కరువు. మల్‌సున్ నాలుగో కారులో కూచుంది. నెల తిరిగేసరికి ఆ నాలుగు కార్లవాళ్లూ ఒకరికొకరు తల ఊపి పలకరించుకునేంత అయింది.

పరీక్ష ముందురోజు సాయంత్రం ఓక్‌బున్ ఆమె జుట్టు ఉంగరాలు తిప్పుతూ జాగ్రత్తలు చెప్పింది.

"పొద్దున్న జిగురన్నం పిండి మిఠాయి తెచ్చిస్తా, తిని వెళ్లు. పరీక్షలో అతుక్కుని నెగ్గుతావు. సముద్రపు నాచు చారు మాత్రం పొరపాటున కూడా నోట్లో పెట్టకు. అసలే పాకుడు. పరీక్షలో సర్రున జారిపోతావు."

"పొద్దున్నే నాచు చారు ఎవరు కాస్తారే మా ఇంట్లో! ఆయనకి నీళ్లు కాచడమే రాదు."

మర్నాడు ఆరింటికి నిద్ర లేచేసరికి ఇల్లంతా సముద్రం వాసన. మల్‌సున్ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. గిన్నెలో నాచు. బేసిన్‌లో నాచు. కిమ్చీ కలిపే పెద్ద తొట్టిలో పైదాకా పొంగి, అంచులు దాటి నేలమీదికి వేలాడుతున్న నల్లటి నాచు. మధ్యలో గిబోంగ్, రెండు వేళ్లకు కట్లు కట్టుకుని, తడి చొక్కాతో, చేతిలో గరిటెతో.

"ఏంటండీ ఇది?"

"ప్యాకెట్టులో చూస్తే చారెడే ఉంది హన్‌సొల్ అమ్మా. ఏం చాలుతుందిలే అని మొత్తం నానబెట్టా. గంట తిరిగేసరికి ఇలా పెరిగింది. ఇంకా పెరుగుతోంది."

గుప్పెడు నానబెడితే పదిమందికి సరిపోయే సరుకది. పెళ్లిచేసుకున్న ముప్పై నాలుగేళ్లలో దాని జోలికి పోని మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది!

"అసలు ఎందుకు కాచారు?"

గిబోంగ్ గరిటెతో గోడమీది క్యాలెండరు చూపించాడు. చంద్రమానం తిథుల వరసలో ఆ రోజు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఉంది. మల్‌సున్ పుట్టినరోజు. అరవయ్యోది. తిథి ప్రకారం వచ్చేది ఏటా తేదీ మారుతుంది కాబట్టి కూతురు హన్‌సొల్‌కే గుర్తుండదు. పరీక్ష హడావిడిలో ఆమే మర్చిపోయింది. పుట్టినరోజున నాచు చారు తాగకపోతే పుట్టినట్టే కాదంటారు. ఇన్నేళ్లూ తన పుట్టినరోజు చారు తనే కాచుకుని తాగింది.

"ఈసారి నేనే కాద్దామని... నాలుగున్నరకి లేచా" అన్నాడు గిబోంగ్. "ఉప్పు సరిపోయిందో లేదో చూడు. నువ్వు తినే వెళ్లాలి. ఖాళీ కడుపుతో గొంతేం లేస్తుంది."

ఆయనకు పరీక్ష గుర్తుంది, పుట్టినరోజూ గుర్తుంది. ఆ రెండింటి మధ్యా ఉన్న పాకుడే గుర్తులేదు. మల్‌సున్ ఆయన మొహం చూసింది, ఆ కట్లు చూసింది. చెబుదామని నోరు తెరిచింది. తెరిచిన నోట్లో చెంచా పెట్టుకుంది. చారు ఉప్పుకషాయం. మాంసం ఉడకలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉప్పుకు కాదు.

"ఎలా ఉంది?"

"ఇంకో గిన్నె పొయ్యండి" అంది.

మందిరం దాకా నడుస్తున్నంతసేపూ కడుపులో చారు కదులుతూనే ఉంది. ఒక గిన్నె తాగినా జారిపోయేదే, రెండు తాగింది. ఇక దేవుడు దిగొచ్చినా ఆగదు. విచిత్రమేంటంటే, ఆ ఆలోచన వచ్చాక ఆమె నడక జోరందుకుంది. నిండా మునిగినవాడికి చలేమిటి! ఎలాగూ వద్దంటారు. ఎలాగూ వద్దనేదానికి గొంతు దాచుకుని ఎవరికి పెట్టాలి?

నలభై ఏడో నంబరు పిలిచారు. లోపల ముగ్గురు కూచున్నారు. నడుమనున్నవాడు జుట్టు పెంచుకున్న కుర్ర సంగీత నిర్దేశకుడు. పియానో మొదలైంది. మల్‌సున్ కళ్లు మూసుకుని, పార్కింగులో అద్దాలెత్తి పాడిన పాటను అద్దాలు దించి పాడింది. ఆరు వరసల రోడ్డు దాటే గొంతు ఆ చిన్న గదిలో ఎక్కడ పడుతుంది? కాగితాలు లేచాయో లేదో గానీ పియానో ఆమె మాత్రం తలెత్తి చూసింది.

"ఆగండమ్మా" అన్నాడు నిర్దేశకుడు.

జారింది, అనుకుంది మల్‌సున్.

"ఒక ఐదడుగులు వెనక్కి వెళ్లి మళ్లీ పాడతారా?"

వెళ్లి పాడింది. అతను ఇంకో మూడడుగులు వెనక్కి పంపాడు. వీపు గోడకు తగిలింది. అక్కణ్ణుంచి చివరిదాకా పాడింది.

"గొంతు బాగా ఉందమ్మా. అంతవరకూ అనుమానం లేదు" అన్నాడతను పెన్ను తిప్పుతూ. "కానీ ఇది వందమంది పాడేది. పక్కవాళ్ల గొంతు వింటూ అందులో మీ గొంతు కలపాలి. అది మీవల్ల అవుతుందా?"

"బాబూ, నేను నాలుగంతస్తుల ఇంట్లో మూడో అంతస్తులో ఉంటాను" అంది మల్‌సున్. "కింద చంటిపిల్ల ఏ వేళకి ఏడుస్తుందో, పైన ముసలాయన ఏ వైపుకి తిరిగి దగ్గుతాడో, పక్కింటి మొగుడూపెళ్లాల్లో ఇవాళ ఎవరిది పైచెయ్యో అన్నీ చెప్పగలను. ముప్పై ఏళ్లుగా పక్కవాళ్ల గొంతులు వింటూనే బతుకుతున్నా. ఇంకో వందమంది ఎక్కువా?"

పియానో ఆమె పగలబడి నవ్వింది. నిర్దేశకుడు తల వంచుకుని ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో కనపళ్లేదు.

బయటికి వచ్చేసరికి మందిరం ముందు గలభా. గాజుతలుపు మీద ఎవరో నువ్వుల పాకం ముద్దలు వరసగా అతికిస్తున్నారు, కాపలామనిషి ఒక్కోటీ పీకుతూ అరుస్తున్నాడు.

"పెద్దాయనా, ఇదేమైనా కాలేజీ గేటా? పిల్లలు పరీక్షలో నెగ్గాలని అక్కడ అతికించేవి ఇక్కడ అతికిస్తారేంటి!"

"పిల్లలైతే ఏంటి, పెళ్లామైతే ఏంటి? పరీక్ష పరీక్షే! ఒక్కటి ఉండనివ్వయ్యా, ఒక్కటి!"

అది గిబోంగ్. ఆయాసపడుతున్నాడు. కాళ్లకి ఇంట్లో వేసుకునే చెప్పులే ఉన్నాయి. ఆమె అటు వెళ్లగానే ఓక్‌బున్ జిగురన్నం మిఠాయితో పైకొచ్చిందట. చారు చూసి, 'బావగారూ, కొంప ముంచారు కదా!' అని నెత్తి కొట్టుకుందట. ఆయన ఆ చెప్పులతోనే బస్సెక్కి మార్కెట్లో దొరికిన పాకమంతా కొనుక్కొచ్చాడు. చేతులకూ చొక్కాకూ కూడా అతుక్కుని ఉంది.

"నాకు ఎందుకు చెప్పలేదు హన్‌సొల్ అమ్మా? తెలిసి తెలిసి రెండు గిన్నెలు తాగావా!"

"మూడోది కూడా తాగేదాన్నే. టైం చాల్లేదు."

"జారిపోయిందా?"

"తెలీదు. ఐదింటికి పేర్లు అతికిస్తారంట."

ఇద్దరూ మెట్లమీద కూచున్నారు. కాపలామనిషి గొణుక్కుంటూ గాజు తుడుస్తుంటే గిబోంగ్ అతనికి ఒక ముద్ద ఇచ్చాడు. అతను తిట్టుకుంటూనే తిన్నాడు. మూడయింది, నాలుగయింది. గిబోంగ్ కాలుగాలిన పిల్లిలా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. మల్‌సున్‌కు మాత్రం లోపల తేలిగ్గా ఉంది. పాడింది కదా. కానీ నాలుగున్నర దాటాక ఆమె కూడా మెట్లమీంచి లేచింది. ఒకసారి పాడాక ఇంకోసారి పాడాలనిపిస్తోంది, దాంతోనే మళ్లీ భయం మొదలైంది. వద్దంటారేమో. ఇప్పుడంటే మాత్రం తట్టుకోలేదు.

ఐదింటికి పియానో ఆమె కాగితం తెచ్చి తలుపు పక్కన అతికించింది. జనం మూగారు. ఎవరో కేరింత కొట్టారు, ఎవరో వెనక్కి తిరిగి మాట్లాడకుండా వెళ్లిపోయారు. మల్‌సున్ జేబులు తడుముకుంది. కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది. ఎదురుగా కాగితం మీద చీమలబారులే కనిపిస్తున్నాయి.

"మీరు చూడండి."

గిబోంగ్ జనంలోకి దూరాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి, ఒక్కో పేరే దాటుకుంటూ వెళ్తున్నాడు. వేలు ఒకచోట ఆగింది. ఆయన కదలడు, మెదలడు.

"ఏమైంది? లేదా?"

గిబోంగ్ గొంతు సవరించుకున్నాడు. పెళ్లయిన కొత్తలో ఆయన ఆమెను "ఇదిగో" అనేవాడు. పిల్ల పుట్టాక "హన్‌సొల్ అమ్మా" అన్నాడు. ముప్పై నాలుగేళ్లలో ఆ రెండు తప్ప ఇంకోలా పిలిచింది లేదు.

"పంగ్ మల్‌సున్" అని చదివాడు.

ఆమె ఒక్క క్షణం ఎవర్నో అనుకుంది. తర్వాత గుండె ఒక్కసారి ఎగిసింది. పేరు ఉన్నందుకో, ఆ పేరు ఆయన నోటివెంట వచ్చినందుకో ఆమెకే తేలలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"వినపడలేదు. ఇంకోసారి చదవండి."

గిబోంగ్ చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా వేలు తియ్యలేదు.

"పంగ్ మల్‌సున్!" అన్నాడు, ఈసారి రోడ్డవతలికి వినపడేలా.