సంఘ పెద్ద యోగా చదివిన విధం

ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండ్ల గార్డుగా పచ్చజెండా ఊపి రిటైరైన ఎలీయాజరుకి నడుము పట్టేసింది. డాక్టరమ్మ యోగా చెయ్యమంది. ఆయన బెంగాల్లోని సంత్రాగాఛి తెలుగు చర్చిలో సంఘ పెద్ద. గ్రంథం చూడకుండా ఏ పనీ మొదలుపెట్టడం ఇంటావంటా లేదు. అందుకని వెళ్లి పుస్తకాలు కొన్నాడు.

నడుము నొప్పినైనా ఓర్చుకునేవాడే గాని, చర్చిలో పరువు పోతోంది. రెండేళ్లుగా ప్రభువు బల్ల దగ్గర అందరూ మోకరిస్తుంటే, తను మాత్రం కుర్చీలో కూర్చుని, పాస్టరు దిగొచ్చి ఇస్తే రొట్టె తింటున్నాడు. ఈస్టరుకి మోకరించి తీరాలని పంతం పట్టాడు.

పాత పుస్తకాల కొట్లుండే కాలేజీ స్ట్రీట్‌లో నాలుగు ఇంగ్లీషు పుస్తకాలు దొరికాయి. మూడు తెలుగువి విశాఖ నుంచి చెల్లెలు పంపింది. అన్నిటినీ బైబిలు చదివినట్టే చదివాడు. రోజుకో భాగం, ఎర్రపెన్సిలు గీతలు, వారానికో కంఠత వాక్యం. మనసు వేసే కోతివేషాలు ఏ అధ్యాయంలో ఎన్నో వాక్యంలో ఉన్నాయో నిద్రలో లేపినా చెప్పేవాడు. వీధిలో జనం సలహాకి రాసాగారు. ముందు తత్వం, తర్వాత ఊపిరి, ఆసనాల బొమ్మల పుస్తకం ఆఖర్న అని పక్కింటి బెంగాలీ దాదాకి చీటీ కూడా రాసిచ్చాడు.

పాస్టరుకి అనుమానమొచ్చింది. "మీరు యోగా చేస్తున్నారట?"

"చెయ్యడం లేదండి, చదువుతున్నాను," అన్నాడు ఎలీయాజరు. అది అక్షరాలా నిజం.

సాయంత్రాలు ఆయన కుర్చీలో కూర్చుని గట్టిగా చదివేవాడు. భార్య విజయ కుమారి బొమ్మల పుస్తకం నేలమీద తెరిచి, కొంగు బిగించి, ఎడాపెడా వంగేది.

"తత్వం అవకుండానే వంగడమేటి?"

"మీ తత్వం మీరు కానివ్వండి. ఈలోగా నేను వంగుతాను."

ఈస్టరు ముందురోజు ఏడో పుస్తకం పూర్తయింది. మర్నాడు దర్జాగా వెళ్లి మోకరించాడు. మోకాళ్లు వంగాయి కూడా. రొట్టె, ద్రాక్షరసం అయ్యాయి. ఆ వరసంతా లేచి వెళ్లింది, తర్వాతి వరస వచ్చి నిలబడింది. ఎలీయాజరు లేవబోయాడు. లేవలేకపోయాడు. ఏడు పుస్తకాల్లో ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. చెమటలు పట్టాయి, ఏడుపొక్కటే తక్కువ.

అప్పటికే తన చోటికి వెళ్లిపోయిన విజయ కుమారి గబగబా తిరిగొచ్చి పక్కన మోకరించింది.

"కుడికాలు ముందుకెయ్యండి. ఊపిరి వదలండి. ఇప్పుడు నా భుజం పట్టుకోండి."

లేచాడు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, సంఘమంతా వింటుండగా పాస్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఎంతసేపు ప్రార్థించారండీ. మిమ్మల్ని చూసి నాకే సిగ్గేసింది."

ఊరుకుంటే పోయేదే. ఎలీయాజరు ఓసారి భార్య వైపు చూశాడు.

"ప్రార్థనా లేదు ఏటీ లేదండి, లేవలేక ఉండిపోయాను. ఈవిడొచ్చి లేపింది," అన్నాడు, ఇంకా ఆమె భుజం వదలకుండానే.