మదురై దాకా వెళ్లిన పీట

మొన్న మా ఇంట్లో ఫ్యాను ఆగిపోతే బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియను, పెద్దవాళ్ల ఇల్లని మర్యాదకొద్దీ చెప్పులు వాకిట్లో విడిచి, ఉత్తకాళ్లతో లోపలికి వచ్చి స్విచ్చి బోర్డు విప్పబోయాడు. నేను కుర్చీలోంచి లేచి కేకేసినంత పని చేశాను. చెప్పులు వేసుకుని రావయ్యా, ఈ ఇంట్లో కరెంటు పనికి చెప్పులే మర్యాద అన్నాను. మా కోడలు విడ్డూరంగా చూసింది, ఎందుకంటే ఎవరి చెప్పునీ గడప దాటనివ్వని మనిషిని నేనే. సంగతి చెబుదామంటే అది చాలా వెనకటి మాట, ఆమెకు అంత తీరిక లేదు. మన వయసువాళ్లకు ఉన్నదే తీరిక కదా, అందుకని మీకు చెబుతున్నాను.

నాకు ఊహ తెలిసేసరికే అమ్మానాన్నలు లేరు. నన్ను పెంచింది మా మేనత్త. ఆమె కూడా చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, తమిళనాట మా రాజపాళయంలో, పత్తిలోంచి గింజ తీసే జిన్నింగు షెడ్డులో పత్తి ఏరుతూ నన్ను సాకింది. ఆ పత్తి నూగు ఏళ్ల తరబడి పీల్చీ పీల్చీ, చలికాలం వచ్చిందంటే దగ్గుతో కూర్చోలేక, పడుకోలేక అవస్థ పడేది. పందొమ్మిదివందల అరవైల మొదట్లో నేను ఒక నూలుమిల్లులో ఎలక్ట్రికల్ హెల్పరుగా ఉండేవాణ్ణి, అదీ తాత్కాలికం. వైర్‌మన్ ఉద్యోగం ఒకటి ఖాళీ అవుతోందనీ, లైసెన్సు తెచ్చుకుంటే అది నాకేననీ, లేదంటే పక్కనున్న సేత్తూరు నుంచి లైసెన్సున్న మనిషి కాచుకుని ఉన్నాడనీ మా ఫోర్‌మన్ చెప్పాడు. ఆ ఉద్యోగం వస్తే అత్త షెడ్డు మానేయవచ్చు. నాకు లైసెన్సు అంటే అంతే, దానికి ఇంకో అర్థం లేదు.

అత్త తన వంతు పని తాను చేసింది, అంటే నన్ను మాటమాత్రం అడగకుండా మారియమ్మకు మొక్కేసింది. పాసయ్యాక చూద్దాంలే అనే బేరం ఆమెకు చేతకాదు. ముందే ఈ ఏడు నేను పూగుళి దిగుతానని, అంటే అమ్మవారి పండగలో నిప్పుల గుండం తొక్కుతానని మాటిచ్చి, నా మణికట్టుకు పసుపుకొమ్ము కట్టిన దారంతో కాప్పు, అంటే మొక్కు కంకణం, కట్టించింది. కాప్పు కట్టుకున్నవాడు పండగ ముగిసేదాకా కాలికి చెప్పు తొడగకూడదు, రాత్రి ఊరు దాటి ఉండకూడదు. తీరా చూస్తే మదురైలో పరీక్ష సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. ఉత్తకాళ్లతో బోర్డు ముట్టకూడదన్నది మిల్లులో నేర్పిన మొదటి పాఠం, కాప్పుతో చెప్పు తొడగకూడదన్నది అంతకన్నా ముందు ఇంట్లో నేర్చిన పాఠం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆలోచించగా ఆలోచించగా, ఎండిన కట్టె మీద నిలబడితే కరెంటుకు నేలలోకి దారి ఉండదు కదా అని తోచి, వంటింట్లో అత్త కూర్చునే పీటను సంచిలో పెట్టుకుని తెల్లవారుజామున బస్సెక్కాను.

పరీక్ష చేసే అధికారి బక్కపలచటి మనిషి, నవ్వెరగని ముఖం. నేను బోర్డు ముందు పీట వేసుకుని ఎక్కగానే పరీక్షకు వచ్చిన తక్కినవాళ్లంతా పడీపడీ నవ్వారు, ఆకు కూడా వెయ్యమంటావా అని ఒకడు తమిళంలో అడిగాడు. అధికారి మాత్రం నవ్వలేదు. నా కాళ్లవంకా, మణికట్టున పసుపుకొమ్మువంకా చూసి ఏదో రాసుకున్నాడు. నేను వాళ్లు చెప్పిన పనంతా చేశాను, దీపం వెలిగింది, మోటారు తిరిగింది, సంతోషంగా ఇంటికొచ్చి పండగలో గుండం కూడా తొక్కాను. తరువాత వచ్చింది ఫలితం. తప్పానట. రక్షణ లేకుండా ఉత్తకాళ్లతో పనిచేశానట. పాస్ చేయించాల్సిన కాప్పే నన్ను ముంచింది.

నా కర్మ ఇంతేననుకుని నేను మూలన కూర్చున్నాను. అత్త కూర్చోలేదు.

"ఏమిరా, నేల మీద నిలబడినావా, పీట మీద నిలబడినావా? పీట మీదనే కదా! మరి ఫెయిలు ఎట్లా ఇచ్చినారు? పద, అడిగేసి వస్తాం."

అట్లా ఆ పీట మళ్లీ మదురై వెళ్లింది, ఈసారి అత్త ఒళ్లో. బస్టాండు నుంచి ఆఫీసు దాకా కాగిన తారురోడ్డు మీద ఆమె ఉత్తకాళ్లతోనే నడిచింది, ఆమె జన్మలో చెప్పు ఎరగదు. లోపల పెద్ద ఆఫీసరు బల్ల ముందు పీటను దభీమని పెట్టి, సగం తెలుగు, సగం తమిళంలో అడిగేసింది.

"ఐయా, వీడు మా అన్న కొడుకు. వీడు నేల తొక్కలే, ఇదో, ఈ పీట తొక్కినాడు. సందేగమైతే మీరే ఎక్కి చూడండి!"

నాకు భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది. ఆఫీసరు మాత్రం కోప్పడకుండా ఆ పరీక్షాధికారిని పిలిపించాడు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. పని శుభ్రంగా చేశాడండి, వంక లేదు అని తనే ఒప్పుకున్నాడు. కానీ స్తంభం ఎక్కినప్పుడు పీట ఎక్కడ వేసుకుంటాడు, తన చేతికింద పనిచేసిన ఒకడు ఇట్లాగే ఉత్తకాళ్లతో తడినేల మీద నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు, అది చూశాక ఎవరికీ మినహాయింపు ఇవ్వను అన్నాడు. అప్పుడు నేనే ముందుకు వచ్చి, మొక్కు తీరిపోయిందనీ, ఇక జన్మలో ఉత్తకాళ్లతో బోర్డు ముట్టననీ, అయినా ఆనాడు పీట ఉన్న మాట కూడా రాసి ఉండాల్సిందనీ చెప్పాను. ఆఫీసరు ఆ ఒక్క పరీక్ష ఇప్పుడే, తన ఎదుటే మళ్లీ చెయ్యమన్నాడు.

నా తోలుచెప్పులతో బోర్డు దగ్గరికి పోబోతే పరీక్షాధికారి అడ్డం పెట్టాడు, మేకులు కొట్టిన అట్టలు పనికిరావన్నాడు. ఇంక అయిపోయిందనుకున్నాను. ఆయన వంగి, తన రబ్బరు అట్టల బూట్లే విప్పి నా ముందుకు జరిపాడు. నేను వాటిలో కాళ్లు పెట్టాను. ఆయన నా పక్కనే, ఉత్తకాళ్లతో, సిమెంటు నేల మీద నిలబడ్డాడు. అది చూసి అత్త గబగబా వచ్చి పీటను ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"మీరు దీని మీద నిలబడండి సామీ. మీకూ పిల్లోళ్లు ఉంటారు."

ఆయన పీట ఎక్కాడు. నవ్వాడు కూడా. పని పూర్తయ్యేదాకా దిగలేదు.

నాకు లైసెన్సు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, అత్త షెడ్డు మానేసింది. ఆ పరీక్షాధికారి మీద నాకు ఆనాడూ కోపం నిలవలేదు, ఈనాడూ లేదు. నన్ను ఒకసారి పరీక్ష తప్పించి, నలభై ఏళ్లు కరెంటుతో చెలగాటమాడినా ప్రాణాలతో ఇంటికి చేర్చినవాడు ఆయనే. ఆయనకు నేను ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మా ఇంటికి కరెంటు నేనే లాగాను. అత్తకు రబ్బరు చెప్పులు కొనిపెడితే, నేలతల్లిని తొక్కడానికి నాకు చెప్పులేందిరా అని వీధిలోకి ఒక్కనాడూ వేసుకోలేదు. స్విచ్చి కింద గోడవారగా పెట్టుకుంది. రోజూ సందెవేళ వాటిని తొడుక్కుని, స్విచ్చి వేసి, విడిచిపెట్టి, ఆ తరువాతే దీపానికి దణ్ణం పెట్టేది. పోయేదాకా అంతే.

ఫ్యాను తిరిగాక ఆ ఎలక్ట్రీషియను కాసేపు కూర్చుని కాఫీ తాగాడు. తన పరీక్ష ఫలితం ఫోనులోనే వచ్చిందట. తప్పి ఉంటే ఎవర్ని అడిగేవాడివి అంటే, ఎవర్నని అడుగుతామండీ అని నవ్వేశాడు. నిజమే, ఎదురుగా పీట వెయ్యడానికి ఇప్పుడు ఒక బల్లా లేదు, బూట్లు విప్పి ఇవ్వడానికి ఒక మనిషీ లేడు. మా ఇంట్లో గదిగదికీ ఇన్ని స్విచ్చులున్నాయి, ఎవరూ కాళ్లవంక చూసుకోకుండా టక్కున వేసేస్తారు. అత్త చెప్పుల చప్పుడు ముందు వినబడకుండా లైటు వెలిగితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.