ఎలిశబెతమ్మ వినే కథ

"ఆగాగు అబ్బయ్యా! ఇల్లు వదిలి పొయ్యేటప్పుడు ఆ ముసల్ది పొయ్యి ఆర్పిందా లేదా? అది చెప్పలేదే నీ పుస్తకంలో!"

ఎలిశబెతమ్మ అలాగే అడ్డు తగులుతుంది. పోర్టు కోసం సముద్రపొడ్డున ఉన్న పల్లెను ఖాళీ చేయించి, కోట ఊరి దగ్గర ఈ కాలనీలో పడేశాక ఆమెకు పనంటూ లేదు. అలవాటు చావక చేపలు కొని, ఉప్పు పట్టించి, సముద్రపు గాలి తగలని సిమెంటు మిద్దె మీద ఎండబెడుతుంది. సగం కుళ్లిపోతాయి. పక్కింటి దర్జీ క్రీస్తురాజు మధ్యాహ్నాలు మిషను ఆపి, దేశం విడిచి పారిపోయినవాళ్ల గురించిన పాత నవల ఒకటి ఆమెకు చదివి వినిపిస్తున్నాడు. ఆమె విసనకర్రతో ఈగలు తోలుతూ, కళ్లు మూసుకుని వింటుంది.

ఆ రోజు ఆఖరి పేజీ. నవల్లో ఎవరూ తిరిగి రారు. ఆమె మొహం చూశాక అది చదవడానికి రాజుకు నోరు రాలేదు. అందరూ సొంతూరికొచ్చి, తలుపులు తీసి, ఇంట్లో దీపం పెట్టుకున్నారని అప్పటికప్పుడు అల్లి చదివేశాడు.

విసనకర్ర ఆగింది. "నేరుగా ఇంట్లోకే పొయ్యినారా? సమాధుల కాడికి పోలేదా? అన్నాళ్లకొచ్చినోళ్లు ముందు తమవాళ్లకు సున్నం కొట్టి, కొవ్వొత్తి పెట్టరా? ఇది నువ్వేసిన అతుకు గదరా!"

రాజు పుస్తకం మూశాడు. ఆమె మొగుడి సమాధి మీద ఇప్పుడు పోర్టువాళ్ల బొగ్గు గుట్ట ఉంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"వాళ్లు రాలేదు గదా?"

"రాలేదు పెద్దమ్మా."

ఆమె ఒక చేపను తిరగేసింది. "ఇంకో పుస్తకం తేబాకులే. పంచాయతీ ఆఫీసు కాడికి పొయ్యి, ఈ కాలనీవాళ్లకు సమాధులకి జాగా ఎక్కడిచ్చినారో కనుక్కోని రా అబ్బయ్యా."