పుండు వాసన చూసే అవ్వ

మా మడి గట్టు పక్క గుడిసెలో ఉండే అవ్వ మొన్న సోమవారం దవాఖానాలో పోయింది. కాలి పుండు విషమైంది. ఇందరి పుండ్లు మాన్పిన మనిషి చివరికి పుండుతోనే పోయిందని మా ఊరు గోరేబాళలో అంతా అంటున్నారు. నిజమే గాని, జరిగింది అంతే కాదు.

కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో మేం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టాం. అవ్వ దేవదుర్గ వైపు నుంచి కూతురితో నాట్లకు వచ్చి ఇక్కడే ఉండిపోయింది. రోజంతా బురదలో నిలబడితే వేళ్ళ సందులు పాసిపోయేవి. కొడవలి గాట్లు చీము పట్టేవి. అవ్వ వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళతో చీమంతా పోయేదాకా కడిగేది. గడ్డిచామంతి ఆకు నలిపి రసం పిండి, ఉతికిన పాత చీరపేలికతో కట్టేది. కట్టేముందు మాత్రం ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని, వంగి వాసన చూసేది. కుళ్ళు తగిలితే ఇక ఆకు ముట్టేది కాదు.

మా ఆయన కాలు కొడవలికి తెగి వాచినప్పుడు, పెద్దావిడ ఒళ్ళో కాలు పెట్టడమేమిటని ఆయన వెనక్కి లాక్కున్నారు. "మీ దిక్కు కాళ్ళకు గింత సిగ్గా?" అని నవ్వుతూ లాగి పట్టుకుంది. వాసన చూశాక నవ్వలేదు. వెంటనే సింధనూరు దవాఖానాకు పొమ్మంది. కోతలయ్యాక వెళ్తానన్నారాయన.

"కోత రేపు గూడ ఉంటది బిడ్డా. కాలు ఉండదు."

అప్పుడే బండి కట్టాం. ఆ కాలితోనే ఆయన మొన్న అవ్వ పాడె మోశారు.

ఆమధ్య పెద్ద జ్వరం వచ్చి తగ్గాక అవ్వకు వాసన తెలియకుండా పోయింది. ఆనాటి నుంచి ఎవరికీ కట్టు కట్టలేదు. అడిగితే, ముక్కు లేనిదే మందు లేదనేది. ఈ ఏడు ఆమె మడమలోనే తుమ్మముల్లు దిగింది. తనే కడుక్కుని తనే కట్టుకుంది. వచ్చినవాళ్ళనల్లా జర వాసన చూడమని అడిగిందట. నీ ఒళ్ళు కంపు కొడుతోందని పెద్దమనిషితో ఎవరంటారు? వేపాకు వాసనేనన్నారు. కూతురూ అదే అంది.

చెల్లెలి పురిటికి పుట్టింటికి వెళ్ళిన నేను తిరిగి వచ్చి అవ్వను చూడబోతే, గుడిసె బయటే ఆ వాసన తగిలింది. నన్నూ అడిగింది. ఉన్నమాట చెప్పాను. కూతురు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"నాకు సిగ్గయితదని చెప్పలే, పాపం. దాన్నేం అనకుండ్రి" అంది అవ్వ.

దవాఖానాలో డాక్టరు చేయగలిగిందంతా చేశాడు. అప్పటికే విషం మోకాలు దాటింది.

పూడ్చి వచ్చాక అందరం కాలువలో కాళ్ళు కడుక్కుంటున్నాం. నాట్లు వేసే ఒకామె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. అవ్వ కూతురు మోకాళ్ళలోతు నీళ్ళలో కూలబడి ఆ కట్టు విప్పింది. పాదం రెండు చేతులతో ఎత్తి ముక్కుకు ఆనించుకుంది. ఆమె సిగ్గుపడి కాలు లాక్కోబోయింది. అవ్వ కూతురు వదల్లేదు.