సీనియర్ల ప్రొపెల్లర్

ఈ సాయంత్రం తార్నాక నుంచి యూనివర్సిటీ గ్రౌండ్‌కు నడకకు వెళ్లాం. ఇంజినీరింగ్ విద్యార్థిని శ్రావణి రేపటి పోటీ కోసం మోడల్ విమానాన్ని పరీక్షిస్తోంది. మూడుసార్లు ప్రయత్నించినా అది నేల విడవలేదు. ఇంజిన్ మూలిగి ఆగిపోయింది. నాతో వచ్చిన మిత్రుడు యాదగిరి రైల్వేలో ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. ఆ చప్పుడు విని, "ప్రొపెల్లర్ పెద్దగున్నది బిడ్డా. ఇంజిన్ తిప్పలేకపోతున్నది" అన్నాడు.

"ఇది మా సీనియర్లది అంకుల్. పోయినసారి కప్పు కొట్టింది. లక్కీ!"

"మరి వాళ్ల ఇంజిన్ గూడ ఇచ్చిన్రా?"

శ్రావణి నవ్వేసింది. ఆ పన్నెండు అంగుళాల దాన్ని విప్పి, తన చిన్న ఇంజిన్‌కు తగిన పదంగుళాలది బిగించింది. విమానం లేచి గ్రౌండ్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

లక్కీ ప్రొపెల్లర్ మాత్రం రేపు ఆమె బ్యాగులో పోటీకి వెళ్తుందట. రాయని లక్కీ పెన్నొకటి ఏళ్లుగా నా జేబులోనూ ఉంది. మీ దగ్గర ఏముంది?